‘రెబెలియన్’ చివర హోమురా చేసిన పనిని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: రాత్రిబండి

అందరికీ నమస్కారం. ‘పుయెల్లా మాగి మడోకా మాజికా’ అనే జపాను యానిమేషన్ ధారావాహికను నేను గత నెలలో పూర్తిగా చూశాను. దానికి కొనసాగింపుగా 2013 అక్టోబరులో విడుదలైన ‘రెబెలియన్’ చిత్రాన్ని మొన్న చూశాను. 2012లో వచ్చిన మొదటి రెండు చిత్రాలు ధారావాహికలోని 12 భాగాలనే కుదించి చెప్పినవని తెలిసి వాటిని వదిలేశాను. ఇంకా చూడనివారు దయచేసి ఇక్కడితో ఆగండి. ముగింపు బయటపెట్టకుండా నా ప్రశ్న అడగడం కుదరదు.

తమ ఆత్మను దాచిన రత్నం నల్లబడగానే మాయాబాలికలే మంత్రగత్తెలుగా మారిపోతారని తెలిశాక, భూత భవిష్యత్ వర్తమానాలలో ఏ మంత్రగత్తె అయినా పుట్టకముందే తన చేతులతో తుడిచివేయాలని కథానాయిక మడోకా కోరుకుంటుంది. ఆ కోరిక ఫలించి ఆమె మనిషిగా లేకుండా పోయి, లోకాన్ని నడిపే ఒక నియమంగా మిగిలిపోతుంది. కన్నతల్లికి కూడా ఆ పేరు ఎక్కడో విన్నట్టు అనిపిస్తుందే తప్ప తనకొక కూతురు ఉండేదని గుర్తుండదు. ఆమెను గుర్తుంచుకున్న ఒకే ఒక్క స్నేహితురాలు హోమురా, ఆమె ఇచ్చిన ఎర్ర రిబ్బను జుట్టుకు కట్టుకుని, ఆమె కాపాడిన లోకం కోసం పోరాడుతూ ఉండిపోతుంది. నా దృష్టిలో అక్కడితో కథ సంపూర్ణమైంది.

అలాంటిది, ఈ చిత్రంలో తనను తీసుకుపోవడానికి దిగివచ్చిన మడోకా చేయి పట్టుకుని, ఆ నియమంలోంచి మనిషి భాగాన్ని చీల్చి, ఆమె జ్ఞాపకాలను కప్పివేసి, హోమురా తనను తాను దుష్టశక్తిగా ప్రకటించుకుంటుంది. ఇది మడోకా త్యాగాన్ని కాలరాయడం కాదా? కథను పొడిగించడానికి పాత్రను వంచారని నాకు అనిపించింది. మీరు ఎలా చూస్తున్నారు?

జవాబు 1: జడగంటలు

రాత్రిబండి గారూ, మీ బాధ అర్థమైంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ కోపమే వచ్చింది. అయితే ఆ చివరి ఘట్టానికి బీజం చిత్రం నడిమధ్యన, పూలతోటలో జరిగే సంభాషణలో ఉంది. దాన్ని తేలికగా దాటేస్తే ముగింపు అకస్మాత్తుగా ఊడిపడినట్టే ఉంటుంది.

ఆ సన్నివేశాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. తాము ఉంటున్న మితాకిహారా పట్టణం నిజమైనది కాదనీ, పక్క ఊరు కజామినోకు బస్సెక్కినా తిరిగి అక్కడికే వచ్చి పడుతున్నామనీ హోమురాకు అప్పటికే తెలిసిపోయింది. మడోకాకు మాత్రం తాను ఎవరో గుర్తులేదు. ఏడుస్తున్న స్నేహితురాలి వెనుక కూర్చుని, చిన్నప్పుడు మనకు అక్కలు వేసినట్టు, ఆమె జుట్టు పాయలు తీసి జడ అల్లుతూ ఉంటుంది. నువ్వు ఎవరికీ అందనంత దూరం వెళ్ళిపోయినట్టు, నిన్ను నేను తప్ప అందరూ మరిచిపోయినట్టు కల వచ్చిందని హోమురా చెబుతుంది. నీకే ఏడుపు వచ్చేంత కష్టమైన పని నేను తట్టుకోగలనా, అందరినీ వదిలి అలా వెళ్ళే ధైర్యం నాకు లేదు అని మడోకా మామూలుగా, ఏ బరువూ లేకుండా జవాబిస్తుంది.

హోమురా ఒకే నెలను ఎన్నోసార్లు వెనక్కి తిప్పి బతికింది. ప్రతిసారీ మడోకాను కాపాడాలనే ప్రయత్నించి, చివరికి ఆమె వెళ్ళిపోతుంటే అడ్డు చెప్పకుండా ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలే తన జీవితంలోని పెద్ద తప్పని ఆ క్షణంలో ఆమెకు తోస్తుంది. ఆ తరువాత ఆమె చేసినదంతా ఆ తప్పును సరిదిద్దుకోవడమే. అందుచేత పాత్రను వంచారని నేను అనుకోను. ధారావాహికలో ఆమె మౌనంగా మింగుకున్న దుఃఖానికి ఇక్కడ నోరు వచ్చిందని అనుకుంటాను.

ఇంకొక మాట. ఆ నకిలీ పట్టణం తన రత్నంలోనే ఉందనీ, అక్కడి మంత్రగత్తె తానేననీ తెలియగానే హోమురా మొదట ఎంచుకున్నది చావునే. ఆమె రత్నం చుట్టూ తెర కట్టి, మడోకాను లోపలికి రప్పించి, ఆ నియమాన్ని చేజిక్కించుకోవాలని ఇంక్యుబేటర్లు, అంటే కోరిక తీర్చి అమ్మాయిలను మాయాబాలికలుగా మార్చే జీవులు, పన్నిన ఉచ్చు అది. అందులో మడోకా చిక్కకుండా ఉండేందుకు ఆమె తన ముక్తిని కూడా వదులుకోబోయింది. ఇదంతా స్వార్థమని ఒక్క మాటలో తేల్చలేం.

జవాబు 2: పాతరీలు

జడగంటలు గారు సన్నివేశాన్ని చక్కగా విప్పారు. అయితే ఆ వాదనలోనే ఒక లొసుగు ఉంది. పూలతోటలో మాట్లాడిన మడోకాకు తాను ఏమి చూసి, ఏమి తెలుసుకుని ఆ కోరిక కోరుకుందో గుర్తే లేదు. జ్ఞాపకం లేని మనిషి చెప్పిన జవాబును అసలు మనసుగా తీసుకుని, అన్నీ తెలిసి చేసిన నిర్ణయాన్ని పక్కన పెట్టడం న్యాయమా? హోమురా తాను వినాలనుకున్న మాటనే విన్నది. చిత్రం ఆమెను సమర్థించడం లేదనీ, ఆమె ఎలా మోసపోయిందో మనకు చూపిస్తోందనీ నా నమ్మకం.

చివరి తరగతి గదిని చూడండి. ధారావాహిక మొదటి భాగంలో హోమురా కొత్త విద్యార్థిని, ఆమెను ఆరోగ్య గదికి తీసుకెళ్ళవలసిన బాధ్యత మడోకాది. ఇక్కడ అది తిరగబడింది: మూడేళ్ళు అమెరికాలో ఉండి వచ్చిన కొత్త పిల్లగా మడోకా నిలబడితే, హోమురా దారి చూపిస్తుంది. నడవాలో మడోకా కళ్ళు బంగారు రంగుకు తిరగబోతే గట్టిగా కౌగిలించుకుని ఆపేస్తుంది. కోరిక ముఖ్యమా, కట్టుబాటు ముఖ్యమా అని అడిగి, నియమాలను మన ఇష్టానికి తప్పకూడదన్న జవాబు రాగానే, అయితే ఏదో ఒకనాడు నువ్వు నాకు శత్రువవుతావు అంటుంది. ఆ మాట అంటూనే ఎర్ర రిబ్బను తిరిగి ఆమె జుట్టుకు కడుతుంది. తాను గెలుచుకున్నది ఎప్పుడైనా చేజారవచ్చని ఆమెకు ముందే తెలుసు.

కథను పొడిగించడానికే అన్న రాత్రిబండి గారి అనుమానం పూర్తిగా తప్పు కాదు. రచయిత గెన్ ఉరోబుచి మొదట అనుకున్న ముగింపులో మడోకా హోమురాను తనతో తీసుకుపోతుంది. కథకు ముందుకు దారి ఉండాలనే ఆలోచన ప్రధాన దర్శకుడు అకియుకి షింబో వైపు నుంచి వచ్చాక ఇద్దరినీ ఎదురెదురు పక్షాలుగా మార్చారు. పుట్టుక ఎలాంటిదైనా ఫలితం బలహీనం కాలేదని నా అభిప్రాయం. టీవీ ధారావాహికల నుంచి వచ్చే మాయాబాలికల చిత్రాలు చాలావరకు అసలు కథను కదపకుండా పక్కన ఒక విహారయాత్రలా సాగిపోతాయి. ఈ చిత్రం మొదటి అరగంట సరిగ్గా అలాంటి చిత్రంలాగే నటిస్తుంది: అయిదుగురూ కలిసి పోరాటం, నృత్యంతో రూపం మార్చుకోవడం, కేకు పాట. ఆ తీపి ఎందుకు అంత మితిమీరి ఉందా అని అనుమానించిన ప్రేక్షకుడే హోమురాతో కలిసి నడుస్తాడు.

రాత్రిబండి

ఇద్దరికీ ధన్యవాదాలు. పూలతోట సన్నివేశాన్ని నేను కేవలం విరామంగా చూశానని ఒప్పుకోవాలి. మరొక సందేహం. తన రత్నాన్ని నింపినది శాపం కాదు, ప్రేమ అని హోమురా అంటుంది కదా. నేను తెర మీద ఆంగ్ల అనువాదం చదువుతూ చూశాను. అక్కడ ఆ మాట నాకు కొంచెం పలచగా తోచింది. జపనీస్ తెలిసినవారు ఎవరైనా వివరించగలరా?

జవాబు 3: తాటియాకు

ఆమె వాడిన మాట ‘ఐ’. నేటి వాడుకలో దానికి ప్రేమ అన్న అర్థమే ఉంది. అయితే బౌద్ధ గ్రంథాల చైనా అనువాదాలలో, ద్వాదశ నిదానాలలోని (దుఃఖం ఎలా పుడుతుందో చెప్పే పన్నెండు కారణాల గొలుసు) తృష్ణకు ఇదే అక్షరాన్ని వాడారు. జపాను బౌద్ధ పరిభాషలోకి అదే వచ్చింది. అంటే వదలలేక పట్టుకునే గుణం ఆ అక్షరంలో ఒక మూల ఎప్పటినుంచో కూర్చుని ఉంది. రచయిత దీన్ని ఉద్దేశించే రాశారని నేను అనను. కానీ తెలుగులో రాయవలసి వస్తే అక్కడ ప్రేమ అని పెట్టాలా, మమకారం అని పెట్టాలా అని నేను చాలాసేపు ఆగుతాను. ‘మమ’ అంటేనే ‘నాది’ కాబట్టి, రెండో మాటకే నా మొగ్గు.

మడోకా మారిపోయిన నియమం పేరును కూడా గమనించండి. ‘ఎన్కన్ నో కొతొవారి’ అంటే వలయాకారంగా సాగే ధర్మం అని చెప్పుకోవచ్చు. ఒకవైపు అందరినీ సమానంగా తీసుకుపోయే ధర్మం, మరొకవైపు ఒక్కరినే పట్టుకున్న మమకారం. పాతరీలు గారు చెప్పిన నడవా ప్రశ్న ఈ రెండింటి మధ్యనే అడిగినది.

రాత్రిబండి

మీ జవాబులు చదివాక నిన్న రాత్రి చివరి ఇరవై నిమిషాలు మళ్ళీ చూశాను. పేర్లు పడిపోయాక వచ్చే చిన్న సన్నివేశాన్ని మొదటిసారి నేను చూడనేలేదు, అప్పుడు కట్టేశాను. ఆకాశంలో చంద్రుడు సరిగ్గా సగమే ఉన్నాడు, కొండ కూడా నిలువునా కోసినట్టు సగమే ఉంది. కుర్చీలో హోమురా ఒంటరిగా కూర్చుని ఉంది. ఎర్ర రిబ్బను ఇప్పుడు ఆమె దగ్గర లేదు.