డిమరేజ్ అంటే డ్యామేజ్ కాదా? పల్ప్ కంటైనర్ల బిల్లు మీద సందేహం

చిత్తూరు కామర్స్ అమ్మాయి:
అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తున్నాను. చేరి ఆరు నెలలైంది, తెలుగు మీడియం బీకాం. నిన్న చెన్నై షిప్పింగ్ ఏజెంటు దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. రెండు కంటైనర్లకు ‘డిమరేజ్ అండ్ డిటెన్షన్’ కట్టాలట. మా ఆఫీసులో అందరం దాన్ని డ్యామేజ్ అనే చదివేశాం. దారిలో డ్రమ్ములకు ఏమైనా అయిందేమోనని లోడింగ్ రోజు తీసిన ఫోటోలన్నీ తిరగేశాను. 160 డ్రమ్ముల్లో ఒక్కదానికి సొట్ట లేదు, ఒక్క సీలు కదల్లేదు. “సరుకు బాగానే ఉంది, పైగా ఇన్సూరెన్స్ ఉంది, ఈ చార్జీ తీసేయండి” అని జవాబు కూడా టైప్ చేశాను. పంపే ముందు స్పెల్లింగ్ చూస్తే వేరే మాట! నిఘంటువు తీస్తే ఓడను ఆపినందుకు ఇచ్చే సొమ్ము అని ఉంది. మేం ఓడను ఎక్కడ ఆపాం? మా సార్ సాయంత్రంలోగా సంగతి చెప్పమన్నారు. టెన్షన్‌గా ఉంది.

రేణిగుంట గూడ్స్ రిటైర్డ్:
ఆ మెయిల్ పంపలేదు, బతికిపోయావమ్మా. ఇది ఆలస్యానికి కట్టే డబ్బు. సరుకు పాడవడంతో దీనికి సంబంధం లేదు. నా సర్వీసంతా ఈ మాటతోనే గడిచింది. మా హమాలీలు, వ్యాపారులు ‘డామరేజీ’ అనేవాళ్ళు. “ఎరువుల రేక్‌కి డామరేజీ పడింది సామీ” అంటే ఆ గూడ్స్ రైలు వ్యాగన్లు ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు దాటిందని అర్థం. అక్కడ లెక్క రోజుల్లో కాదు, గంటల్లో. వాన పడి హమాలీలు రాకపోతే ఆ పార్టీ గడియారం చూసుకుంటూ షెడ్డంతా తిరిగేవాడు, పాపం.

దీనికి తోడు ఇంకో మాట ఉంది, వార్ఫేజ్. వ్యాగన్లోంచి సరుకు దించారు, కానీ తీసుకుపోకుండా షెడ్డులోనే వదిలేశారు, అప్పుడు పడేది అది. బండిని ఆపితే డిమరేజ్, చోటు ఆపితే వార్ఫేజ్. 1989 రైల్వే చట్టంలో రెండింటికీ విడివిడిగా నిర్వచనాలున్నాయి. ఓడల సంగతి నాకంటే చెన్నై తిరిగేవాళ్ళు బాగా చెబుతారు.

హార్బర్ పనుల తమ్ముడు:
నేను చెప్తానక్కా. నిఘంటువులో ఉన్నది పాత అర్థం, తప్పేమీ కాదు. ఓడ మొత్తాన్ని అద్దెకు మాట్లాడుకునే ఒప్పందాల్లో సరుకు ఎక్కించడానికి, దించడానికి ఇన్ని రోజులని గడువు పెడతారు. అది దాటితే ఓడ యజమానికి కట్టేది డిమరేజ్. గడువు కంటే ముందే పని ముగిస్తే యజమానే ఎదురు ఇచ్చేలా కూడా రాసుకుంటారు, దాని పేరు డిస్పాచ్. మామూలుగా డిమరేజ్ రేటులో సగం ఉంటుంది. మన కంటైనర్లకు అలాంటి అదృష్టం లేదు.

మీకు సంబంధించినది కంటైనర్ డిమరేజ్. పెళ్ళి లెక్కలో చూడండి. అద్దెకు తెచ్చిన అండాలు, గుండిగలు గడువు దాటినా తిరిగి ఇవ్వకపోతే షాపువాడు రోజుకింత అని వేస్తాడు కదా, అది డిటెన్షన్. కళ్యాణ మండపం టైముకి ఖాళీ చేయకపోతే వేసేది డిమరేజ్. అంటే కంటైనర్ పెట్టె పోర్టు బయట మీ దగ్గర ఉండిపోతే డిటెన్షన్, పోర్టు లోపల ఉండిపోతే డిమరేజ్. ఎగుమతిలో యార్డు నుంచి ఖాళీ పెట్టె తెచ్చుకున్న రోజు నుంచి పోర్టు గేటు దాటే రోజు దాకా మొదటిది. గేటు దాటాక ఓడ ఎక్కేదాకా రెండోది. దిగుమతిలో ఈ వరస తిరగబడుతుంది. కొన్ని లైన్లు, అంటే ఓడల కంపెనీలు, రెండూ కలిపి ఒకే గడువు ఇస్తాయి, కాబట్టి మీ బుకింగ్ కాగితంలో ఫ్రీ డేస్, అంటే చార్జీ పడని రోజులు, ఎన్ని రాశారో ముందు చూడండి. తేదీలు చెప్తే లెక్క కడదాం.

చిత్తూరు కామర్స్ అమ్మాయి:
అండాల లెక్క మా సార్‌కి కూడా వెంటనే ఎక్కింది! తేదీలు ఇవి. ఆగస్టు 3న ఖాళీ పెట్టెలు వచ్చాయి. ల్యాబ్ రిపోర్టు ఆలస్యమై రెండు రోజులు మా గేటు పక్క వేపచెట్టు కింద ట్రైలర్ల మీదే నిలబడ్డాయి. 9న పోర్టు గేటు లోపలికి వెళ్ళాయి. 19న ఓడ ఎక్కాయి. ఫ్రీ డేస్ బయట 5, లోపల 7 అని ఉంది.

హార్బర్ పనుల తమ్ముడు:
3 నుంచి 9 దాకా ఏడు రోజులు. ఐదు పోతే రెండు రోజుల డిటెన్షన్, అది మీదే, కట్టాల్సిందే. 9 నుంచి 19 దాకా పదకొండు. ఏడు పోతే నాలుగు రోజుల డిమరేజ్. అసలు ఓడ ఏ తేదీకి రావాలి?

చిత్తూరు కామర్స్ అమ్మాయి:
14న అన్నారు. తర్వాత లేటు అని వాళ్ళే మెయిల్ పెట్టారు.

హార్బర్ పనుల తమ్ముడు:
అదే మీ ఆయుధం. 14న ఎక్కించి ఉంటే ఆరు రోజులే, ఫ్రీ గడువులోనే అయిపోయేది. ఆ మెయిల్, యార్డు స్లిప్పు, గేట్ స్లిప్పు మూడూ జతచేసి వేవర్, అంటే చార్జీ మాఫీ, అడగండి. ఆదివారాలు కలిపారా, రేటు నాలుగు రోజులకీ ఒకటేనా, మధ్యలో పెరిగిందా అన్నది లైను రేట్ల పట్టిక, అంటే టారిఫ్‌లో సరిచూడండి. ఫోన్లో అడిగి ఊరుకుంటే లాభం లేదు, మెయిల్లోనే ఉండాలి.

తిరుపతి ఇంగ్లీషు మాస్టారు:
మాట గురించి కాస్త. పలికేటప్పుడు ‘డి-మ-రిజ్’, ఒత్తు ‘మ’ మీద. చివర ‘రేజ్’ అని సాగదీయక్కర్లేదు గానీ, మనవాళ్ళంతా అలాగే అంటారు కాబట్టి ఎవరూ నవ్వరు. జాగు చేయడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. అదే మూలం నుంచి ‘డిమర్’ కూడా వచ్చింది, వెనకాడటం, అభ్యంతరం చెప్పడం అని అర్థం. బ్యాంక్ గ్యారంటీ పత్రాల్లో ‘వితవుట్ డిమర్’ అని కనిపించేది ఇదే. అడగగానే మారు మాట్లాడకుండా చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే మాట అది.

వాడుకలో మనం డిమరేజ్ పడింది అంటాం. ఇంగ్లీషులో దాన్ని ‘ఇంకర్’ చేస్తారు (మన మీద వేయించుకుంటారు), రోజులు గడిచేకొద్దీ అది ‘అక్రూ’ అవుతుంది (పోగవుతుంది), వదిలేయమంటే ‘వేవ్’ చేయమంటారు. ‘డిమరేజెస్’ అని చివర ఎస్ తగిలించకండి. బహువచనం కావాలంటే డిమరేజ్ చార్జెస్. మీ మెయిల్లో ఇంత చాలు: “వుయ్ యాక్సెప్ట్ డిటెన్షన్ ఫర్ టూ డేస్. యాజ్ ది వెసెల్ వాజ్ డిలేడ్, కైండ్లీ వేవ్ ది డిమరేజ్ ఫర్ ఫోర్ డేస్.” సారీలు, రిగ్రెట్‌లు వద్దు. మనవాళ్ళకు ఆ అలవాటు ఎక్కువ.

కోర్టు దగ్గర జూనియర్:
చిన్న తిరకాసు. ఓడ అద్దె ఒప్పందాల్లో ఈ డిమరేజ్‌ని ‘లిక్విడేటెడ్ డ్యామేజెస్’ అంటారు, అంటే ముందే లెక్క కట్టి రాసుకున్న నష్టపరిహారం. అక్కడ చివర ఎస్ ఉంది చూడండి. డ్యామేజ్ అంటే నష్టం, డ్యామేజెస్ అంటే దానికిచ్చే పరిహారం. కాబట్టి చెల్లెమ్మ మొదట చదివింది మరీ అంత దూరమేం కాదు!

రేణిగుంట గూడ్స్ రిటైర్డ్:
లాయరుబాబూ, పాపను మళ్ళీ డ్రమ్ముల ఫోటోల దగ్గరికి పంపొద్దు.

చిత్తూరు కామర్స్ అమ్మాయి:
మాస్టారు రాసిన వాక్యాలతో మెయిల్ పంపాను, మూడు కాగితాలూ జతచేశాను. యార్డు స్లిప్పు డ్రైవర్ దగ్గరే ఉండిపోయింది, దాన్ని వాట్సాప్‌లో తెప్పించేసరికి ఐదైంది. నాలుగు రోజులదీ పరిశీలిస్తామని ఏజెంటు అన్నారు, రెండు రోజులది మా సార్ కట్టేయమన్నారు. ల్యాబ్ రిపోర్టు చేతికి రాకముందే ఇక ఖాళీ పెట్టెలు పిలవొద్దని కూడా చెప్పారు.