నాన్నకు పక్షవాతం, నాకు బీపీ 138/88. ముందు ఏ అలవాటు మార్చుకోవాలి?

కుర్చీమనిషి:
నాకు 43 ఏళ్లు. పోయినేడాది నాన్నకు పక్షవాతం వచ్చింది. పొద్దున లేచి, పేపర్ చదివి, స్నానం చేసి వచ్చి చొక్కా బొత్తాం పెట్టుకోబోతే కుడిచేతి వేళ్లకు అది చిక్కలేదు. రెండుసార్లు జారిపోయింది. "చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది, కాసేపు పడుకుంటే అదే పోతుంది" అని మంచం మీద వాలారు. మేమూ సరేననుకున్నాం. మధ్యాహ్నానికి మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నారు గానీ బొత్తాలు మాత్రం అమ్మే పెడుతుంది.

ఆయన బీపీ మాత్రలు మానేసి ఆర్నెల్లయిందని ఆసుపత్రిలోనే మాకు తెలిసింది. "తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంకెందుకు?" అనుకున్నారట.

ఇక నా సంగతి. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే. నిద్ర ఐదున్నర గంటలు. సిగరెట్లు ఇరవై నుంచి రెండుకు తెచ్చాను, దీనికి మాత్రం నన్ను మెచ్చుకోవాల్సిందే. షుగర్ లేదు. ఆఫీసులో చూస్తే బీపీ 138/88 వచ్చింది. ఎవరినడిగినా పది సలహాలిస్తున్నారు. పదీ సోమవారం మొదలుపెట్టి శుక్రవారానికి పదీ మానేసే రకం నేను. అందుకే ఒకటో రెండో చెప్పండి. రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే చాలని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, అది నిజమేనా?

పాతనర్సు:
బాబూ, బొత్తాం సంగతి చదివి మనసు చివుక్కుమంది. ఇలాంటి కేసు రాగానే మేం ముందు అడిగేది "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" అని. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా అక్కణ్నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అదీ స్కాన్ చూసి, అది రక్తస్రావం కాదని తేలాకే. మూతి, చెయ్యి, మాట, ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా పడుకోబెట్టకుండా వెంటనే బయల్దేరాలి. కాసేపటికి అదే సర్దుకున్నా సరే, వెళ్లాల్సిందే.

ఇక మీ 138. అది మీదో, ఆఫీసు మెట్లదో ముందు తేల్చుకోండి. నా సర్వీసంతా చూస్తూనే ఉన్నాను: మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, కాలు మీద కాలేసుకుని, పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ చెయ్యి చాస్తారు. అలా చూస్తే అంకె పెరగకేం చేస్తుంది! చెయ్యి పట్టీ మిషన్ ఒకటి కొనుక్కోండి. చూసుకునే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చర్మం మీదే చుట్టండి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అదే బిగుసుకుని లెక్క తప్పుతుంది. నిమిషం ఆగి రెండోసారి చూడండి. ఇలా పొద్దునా సాయంత్రం ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో 135/85 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తక్కువే వచ్చినా నాన్నగారి సంగతి ఓసారి చెప్పి, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

ఆస్పిరిన్ సొంతంగా వద్దు. గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు డాక్టర్లు ఇచ్చే లెక్క వేరు. ఏ జబ్బూ లేనివాళ్లకు లోపల రక్తస్రావమయ్యే ప్రమాదమే ఎదురవుతుంది.

మానేసినోడు:
అన్నా, మెచ్చుకుంటున్నాను. కానీ ఆ రెండు సిగరెట్లు కూడా తీసేయాలి. ఇరవై తాగేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటే తాగేవాడికి అందులో దాదాపు సగం పెరుగుతుందని 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో తేలింది. ఇరవైలో ఒక వంతు తాగితే ముప్పూ ఇరవైలో ఒక వంతే అనుకుంటాం, ఆ లెక్క ఇక్కడ కుదరదు.

నేనూ రాత్రి భోజనం తర్వాత ఒకటి అని నాలుగేళ్లు లాగించాను. ఆ ఒక్కటే అన్నిటికన్నా గట్టిది! చివరికి చెయ్యి కడిగిన వెంటనే బ్రష్ చేసుకోవడం మొదలుపెట్టాను. పేస్ట్ రుచి మీద సిగరెట్ చేదుగా ఉంటుంది. మూడు వారాలు చిరాకుతో ఇంట్లో అందరి మీదా అరిచాను, అదీ నిజమే. పూర్తిగా మానేస్తే ఏడాదికల్లా గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుందంటారు.

మెట్లదారి:
లండన్ డబుల్ డెక్కర్ బస్సుల మీద జెర్రీ మోరిస్ అనే డాక్టర్ చేసిన పరిశోధన 1953లో వచ్చింది. ఒకే బస్సులో రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని చూశాడు. కండక్టర్లెవరూ జిమ్‌కి వెళ్లి చేసింది కాదు, టికెట్లు కొట్టారంతే. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమంటారు కదా, నేను ఫోన్ మోగితే లేచి నడుస్తాను. మా బాస్ పుణ్యమా అని రోజుకు నలభై నిమిషాలు దాటుతోంది.

పాతనర్సు:
ఒకటి మరిచాను. ఉప్పు రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదు. ప్యాకెట్ మీద ఉప్పని రాయరు, సోడియం అని రాస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే అసలు ఉప్పు ఎంతో తెలుస్తుంది. అలాగే గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందేమో మీ ఆవిడనడగండి. అది కూడా బీపీని పెంచుతుంది.

కుర్చీమనిషి:
వారం రోజులు చూసుకున్నాను. మొదటి రోజు 144, టెన్షన్‌తోనే అనుకుంటా. మిగతా ఆరు రోజుల సగటు 133/84. గీతకు ఇవతలే ఉన్నాను గానీ గీత పక్కనే. గురక గురించి మా ఆవిడనడిగితే "ఇన్నాళ్లకు అడిగారా" అంది, కాబట్టి డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్తున్నాను. సిగరెట్లు మానేసి ఐదు రోజులు. అరుస్తున్నాను.

నిన్న రాత్రి పట్టీ చుట్టుకుంటుంటే నాన్న వచ్చి ఎదురుగా కూర్చున్నారు. నాది అయ్యాక ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టి, "నాకూ చూడు" అన్నారు. ఐదు నిమిషాలు ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. ఆయన మాత్రల షీటు ఇప్పుడు బ్రష్‌ల గ్లాసు పక్కనే ఉంటోంది.