చలికి సిలిండర్ మంచు పట్టి మంట కుంగిపోతోంది, ఎడాప్టర్ దగ్గర వాసన కూడా. ఏం చెయ్యాలి?

ప్రశ్న – వంటశాల, శ్రీకాకుళం

అరసవల్లి రథసప్తమి జనానికి రాత్రి 2 గంటలకే అన్నదానం వంట మొదలవ్వాలి. మూడు పెద్ద భట్టీ బర్నర్లు, రెండు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు టీ (మూడు మూతుల పైపు ముక్క) వేసి కలిపి ఉన్నాయి. గంట గడిచేసరికి సిలిండర్ల కింద సగం తెల్లగా మంచు పట్టేస్తోంది, మంట కుంగిపోతోంది. కదిపి చూస్తే లోపల ఇంకా నాలుగైదు కిలోలు ఉన్నట్టే ఉంది. కుర్రాళ్లు మరిగే నీళ్లు పోస్తున్నారు, గోనె సంచులు చుడుతున్నారు. సరిగ్గా ఆ టైంలోనే సిలిండర్ వాల్వు మీద బిగించే ఎడాప్టర్ దగ్గర గ్యాస్ వాసన వస్తోంది, తెల్లారాక చూస్తే ఉండదు. ఏటండీ కారణం?

జవాబు – గ్యాస్ ఫిట్టింగ్, నరసన్నపేట

గడ్డకట్టింది గ్యాస్ కాదండి, గాలిలో తేమ. సిలిండర్‌లో ఉండేది ద్రవం, అది ఆవిరైతేనే బర్నర్‌కి అందుతుంది. కిలో ద్రవం ఆవిరవ్వాలంటే సుమారు 370 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి, సిలిండర్ ఉక్కు గుండా లోపలికి రావాలి. గంటకి కిలో గ్యాస్ తియ్యాలంటే నిరంతరంగా 100 వాట్ల వేడి అందుతూ ఉండాలన్నమాట. పెద్ద భట్టీ బర్నర్ గంటకి కిలోన్నర తాగిందనుకుంటే మీ మూడింటికీ నాలుగున్నర కిలోలు. ఒక్కో సిలిండర్ మీద రెండుంపావు కిలోల భారం పడుతోంది. బయట గాలే పదిహేను, పదహారు డిగ్రీలున్నప్పుడు అంత వేడి రాదు, అందుకే ద్రవం తన వేడినే ఖర్చు పెట్టుకుని సున్నా కిందికి దిగిపోతుంది.

చివరి నాలుగు కిలోలు మొండికెయ్యడానికి ఇంకో కారణం ఉంది. మన ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్ కలిపినది. ప్రొపేన్ −42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ సున్నాకి అర డిగ్రీ కింద. ముందు ఎక్కువగా ప్రొపేన్ వెళ్లిపోతుంది, అడుగున బ్యూటేన్ పాలు పెరుగుతుంది. సిలిండర్ సున్నాకి చల్లబడితే ఆ బ్యూటేన్‌కి బయటికి తోసుకొచ్చే ప్రెషర్ దాదాపు ఉండదు. పైగా ద్రవం తగ్గేకొద్దీ దానికి తగిలే ఉక్కు కూడా తగ్గుతుంది.

గోనె సంచి వెంటనే తీసెయ్యండి. సిలిండర్‌కి వేడి వచ్చేదే గాలి నుంచి, గోనె చుడితే ఆ దారి మూసేసినట్టే. మరిగే నీళ్లు అసలు పొయ్యకూడదు. నిండు సిలిండర్‌లో ద్రవం పెరగడానికి జాగా కొంచెమే వదులుతారు, వేడెక్కి ఆ జాగా నిండిపోతే ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. పడుక్కోబెట్టడమూ వద్దు, ద్రవమే పైపులోకి వచ్చి మంట ఎగిసిపడుతుంది.

బోరు నీళ్లు వాడండి. తెల్లవారుజామున కూడా 25 డిగ్రీలకు పైనే ఉంటాయి. సిలిండర్‌ని వెడల్పాటి తొట్టిలో నిలబెట్టి, జానెడు ఎత్తు నీళ్లు పోసి, చల్లబడగానే మార్చండి. 20 లీటర్ల నీరు 10 డిగ్రీలు చల్లబడితే ఇచ్చే వేడి రెండు కిలోలకు పైగా గ్యాస్‌ని ఆవిరి చేస్తుంది. వాల్వు మీద మాత్రం నీళ్లు పడనివ్వకండి. పని అయ్యాక అడుగు రింగు తుడిచి ఆరబెట్టండి, లేదంటే తుప్పు.

అసలు మందు సిలిండర్లు పెంచడమే. ఐదు సిలిండర్లు మానిఫోల్డ్‌కి (అన్నిటి గ్యాస్‌నీ ఒకే లైన్‌లో కలిపే పైపు) కట్టి, ఐదింటి వాల్వులూ ఒకేసారి తెరవండి. అప్పుడు ఒక్కోదాని మీద గంటకి కిలో లోపే పడుతుంది. ఒకటి అయ్యాక ఒకటి తెరిస్తే మళ్లీ మంచు మామూలే. ఐదు అంటే 95 కిలోలు. లైసెన్స్ లేకుండా ఉంచుకునే ఎల్పీజీ హద్దు 100 కిలోలు, ఆరోది పెడితే దాటిపోతారు. నిల్వలో ఉన్న నిండు సిలిండర్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

జవాబు – హోటల్ కిచెన్ మెయింటెనెన్స్, విజయనగరం

పైన చెప్పినదంతా సరే గానీ, ఆ వాసన సంగతి ముందు చూడాలండి. అదే ప్రమాదం.

వాల్వు లోపల రబ్బరు వాషరు ఉంటుంది. గ్యాస్ జోరుగా లాగుతున్నప్పుడు వాల్వు కూడా చల్లబడుతుంది, పాత వాషరు బిర్రబిగుసుకుపోయి సందు ఇస్తుంది. తెల్లారి వెచ్చబడితే మళ్లీ పట్టుకుంటుంది, అందుకే పగలు దొరకదు. బర్నర్లు నడుస్తూ సిలిండర్ చల్లగా ఉన్నప్పుడే సబ్బు నురగతో చూడాలి. కప్పు నీళ్లలో రెండు చెంచాలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి బ్రష్‌తో రాసి, అర నిమిషం అక్కడే చూడండి. ముందు మంచు తుడిచెయ్యండి, దాని కింద బుడగ కనపడదు. అగ్గిపుల్ల మాత్రం ఎప్పుడూ వద్దు. సిలిండర్ ఒళ్లంతా పొడిగా ఉండి ఒక్క నట్టు చుట్టూనే మంచు ఉంటే అక్కడ లీకేజీ ఉందని అనుమానించాలి.

వాషరు పగిలినా లోపలికి నొక్కుకుపోయినా ఆ సిలిండర్ డీలర్‌కి తిప్పి పంపండి, సొంతంగా వాషరు పెట్టొద్దు. వాషరుతో బిగిసే జాయింటుకి టెఫ్లాన్ టేపు చుట్టడం కూడా తప్పే. రబ్బరు పైపు వంచి చూసి పగుళ్లుంటే మార్చాలి, పగుళ్లు లేకపోయినా ఐదేళ్లు దాటితే మార్చాల్సిందే.

ఇంకొకటి. చలికి పందిరి చుట్టూ కనాతులు నేల దాకా దించేస్తారు. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలబారున చేరి నిలిచిపోతుంది. సిలిండర్లు పందిరి బయట, కాలవకీ గోతికీ దూరంగా పెట్టండి. కనాతులు అడుగున మూరెడు ఎత్తి కట్టండి. వాసన వస్తే వాల్వు కట్టెయ్యండి, చుట్టుపక్కల పొయ్యిలన్నీ ఆర్పించండి, లైటు స్విచ్చులు వెయ్యొద్దు, తియ్యొద్దు, మనుషుల్ని దూరం పంపి గ్యాస్ లీకేజీ ఎమర్జెన్సీ నంబర్ 1906కి ఫోన్ చెయ్యండి. ఆ నంబర్ 24 గంటలూ పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఐదు సిలిండర్లకి సరే అన్నారండి. ఒకటి ముందు అయిపోతే, మిగతావి నడుస్తుండగానే అది మార్చొచ్చా?

జవాబు – గ్యాస్ ఫిట్టింగ్, నరసన్నపేట

ప్రతి పిగ్‌టెయిల్‌కీ (సిలిండర్ నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే చిన్న పైపు) నాన్ రిటర్న్ వాల్వు, అంటే గ్యాస్‌ని వెనక్కి రానివ్వని వాల్వు, లేకపోతే వద్దండి. విప్పిన పైపులోంచి మిగతా నాలుగింటి గ్యాస్ బయటికి తన్నుకొస్తుంది. అది ఉన్నా సరే, మంచు పట్టిన పాతవాటి పక్కన వెచ్చని నిండు సిలిండర్ కలిపితే దాని భారం పెరిగిపోతుంది. నాన్ రిటర్న్ వాల్వు పాడైతే వెచ్చని దాంట్లోంచి గ్యాస్ చల్లటి వాటిలోకి పోయి మళ్లీ ద్రవమవుతుంది. ఐదూ ఒకేసారి తెరిస్తే దాదాపు ఒకేసారి ఖాళీ అవుతాయి. బర్నర్లన్నీ ఆర్పి, ఐదూ కలిపి మార్చండి. బిగించాక ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి చూశాకే వెలిగించండి.