నివురుగప్పిన నిప్పు: ఏ జబ్బుకి నప్పుతుంది?

మాస్టారూ, పైకి కనబడని జబ్బులన్నిటికీ "నివురుగప్పిన నిప్పు" అని రాసేయొచ్చా అని అడిగారు కదా, నన్నడిగితే రాయకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జనాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు మీద వ్యాసం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట తగిలిస్తున్నారు, చదవడానికి బాగానే ఉంటుంది గానీ అక్కడ అది అతకదు.

నివురంటే నిప్పు మీద పేరుకునే సన్నటి బూడిద. కింద కణిక ఆరిపోలేదు, అలాగని మండటమూ లేదు, గాలి తగిలితే రాజుకుంటుంది. కాబట్టి జబ్బు కూడా కొన్నాళ్ళు ఆగి ఉండి, మళ్ళీ రాజుకునే రకమైతేనే ఈ మాట వాడాలి.

దీనికి అచ్చంగా సరిపోయేది సర్పి (ఇంగ్లీషులో షింగిల్స్). చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తుంది, వేపాకులేసిన నీళ్ళు పోస్తారు, పొక్కులు ఎండిపోతాయి, తగ్గిపోయిందనుకుంటాం. వైరస్ మాత్రం ఎక్కడికీ పోదు, వెన్నుపాము పక్కనుండే నరాల ముడుల్లో ఉండిపోతుంది. అరవై దాటి ఒంట్లో సత్తువ తగ్గాక అదే వైరస్ ఆ నరం వెంబడే చర్మం మీదకొస్తుంది, అందుకే సర్పి నడుముకో ఛాతీకో ఒక పక్కనే వరసగా పొక్కుతుంది. మనవాళ్ళు ఒకదాన్ని అమ్మవారి ఖాతాలో, ఇంకోదాన్ని పాము ఖాతాలో రాసేశారు. రెండూ ఒకటేనని పేర్లలో ఎక్కడా తెలీదు. ఎలా తెలుస్తుంది, మధ్యలో యాభై ఏళ్ళు అయిపూ అజా లేదు కదా!

టీబీకీ నప్పుతుంది. ప్రపంచంలో దాదాపు నాలుగో వంతు మంది ఒంట్లో ఆ క్రిమి చేరిందని అంచనా, వాళ్ళలో జీవితం మొత్తం మీద జబ్బు పడేది నూటికి 5 నుంచి 10 మందే, మిగతావాళ్ళకి దగ్గూ ఉండదు, ఇంకొకరికి అంటించరు కూడా. మలేరియాలో వైవాక్స్ రకం కూడా ఇలాంటిదే. కొన్ని పరాన్నజీవులు కాలేయంలో పడుకుని ఉంటాయి, నెలల తర్వాత జ్వరం తిరగబెడుతుంది. తిరగబెట్టడం! ఇంత మంచి మాట ఇంట్లో పెట్టుకుని "పునరావృతం" అని ఎందుకు రాస్తారో నాకర్థం కాదు. ఆ పడుకున్నవాటి కోసమే ప్రైమాక్విన్ అనే మందు 14 రోజులు మింగమంటారు, మనవాళ్ళేమో జ్వరం దిగిన మర్నాడే మానేస్తారు.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి వేరు. అక్కడ ఆగి ఉండటం అనేదే లేదు. లోపల పని సాగిపోతూనే ఉంటుంది, మనకే తెలీదు. కిడ్నీల పని సగందాకా పడిపోయినా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) నార్మల్ అంకెలోనే కనబడొచ్చు. పైగా ఈ రకంలో తొలి రోజుల్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాబట్టి పట్టీ ముంచి చూసే పరీక్షకి దొరకదు. బీపీ, షుగరు లేనివాళ్ళకీ వస్తుంది. కవిటి వైపు జీడితోటలో పొద్దంతా పని చేసే మనిషి ఆ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని "ఏటీ లేదంట" అనుకుంటూ ఇంటికి పోతాడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి మంచినీళ్ళు తెచ్చారు, కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. నిప్పెక్కడుందో తెలిస్తే కదా నివురు సంగతి.

ఇక సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. ఇక్కడ ఈ మాట వాడితే నాకు నిజంగా కోపం వస్తుంది. సీతంపేట ఏజెన్సీలో ఒక అమ్మాయి రిపోర్టులో "ట్రెయిట్" అని వచ్చిందనుకోండి, నివురుగప్పిన నిప్పు అన్నామంటే ఆ పిల్ల పెళ్ళి చెడగొట్టినట్టే. ఆ జన్యువు ఆమెకి అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వచ్చింది, అది ముదిరి రేపు జబ్బుగా మారిపోదు. చేసుకోబోయే అబ్బాయికి కూడా ట్రెయిట్ ఉంటే ఆలోచించాలి, అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "వాహకురాలు" కూడా నాకు నచ్చదు, టైఫాయిడ్ మోసుకు తిరిగే మనిషిలా వినబడుతుంది. "జన్యువు ఉంది, జబ్బు లేదు" అంటే పోయేదానికి సమాసాలెందుకు?

కింద వ్యాఖ్యల్లో "అన్నిటికీ కలిపి గుప్త వ్యాధి అంటే పోలేదా" అన్నాయనకి: అయ్యా, బస్టాండు గోడల మీద "గుప్త రోగాలకు చికిత్స" అనే పోస్టర్లు మీరు చూడలేదా? టీబీ పరీక్షకొచ్చిన పెద్దాయనకి డాక్టరు ఆ మాట చెప్తే ఇంటికెళ్ళాక ఆయన గతేం కాను? "నిద్రాణ క్షయ" అనండి, నాకేం అభ్యంతరం లేదు.

అన్నట్టు సర్పిని ఇచ్ఛాపురం వైపు ఇంకేమైనా అంటారా? ఒడియా కలిసిన ఊళ్ళు కదా, తెలిసినవాళ్ళు రాయండి.