అమ్మానాన్నల్ని బెంగళూరు తెచ్చుకున్నాను, ఇన్సూరెన్స్ ఏం చేయమంటారు?

ఒంగోలు అబ్బాయి:
అందరికీ నమస్కారం. వైట్‌ఫీల్డ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. సంక్రాంతి అయ్యాక అమ్మానాన్నల్నీ ఇక్కడికే తెచ్చుకున్నాను. నాన్నకి 71, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. అమ్మకి 64, బీపీ ఒక్కటే. కంపెనీ పాలసీలో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 5 లక్షలు ఇస్తున్నారు. అది చాలా, విడిగా తీసుకోవాలా? రూల్స్ మారాయంటున్నారు. ఏజెంటు ఒకాయన 'అమ్మగారి బీపీ రాయకండి, ప్రీమియం తగ్గుద్ది' అంటున్నాడు.

మారతహళ్లి పాతకాపు:
తమ్ముడూ, ముందు ఆ ఏజెంటుకో దండం పెట్టెయ్. బీపీ దాస్తే మిగిలేది కొంచెం, పోయేది మొత్తం క్లెయిమ్. ఆసుపత్రిలో చేర్చగానే డ్యూటీ డాక్టరు 'బీపీ ఎన్నాళ్లుగా ఉందమ్మా?' అని అడుగుతాడు. అమ్మ పాపం 'పదేళ్లయింది బాబూ' అంటుంది. ఆ ముక్క కేస్ షీట్‌లో పడుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లు తెప్పించుకుని చూసేది ఆ కాగితమే. పాలసీ ఆగకుండా ఐదేళ్లు నడిస్తే, ఫలానా జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదన్న నిబంధన ఉంది. కానీ మోసమని తేలితే అదీ ఆదుకోదు.

రూల్స్ మారిన మాట నిజమే. 2024 ఏప్రిల్ నుంచి పాలసీ కొనడానికి 65 ఏళ్ల గీత లేదు. పాత జబ్బులకు వెయిటింగ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలం, నాలుగేళ్ల నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గింది. 60 దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతం మించి ప్రీమియం పెంచాలంటే కంపెనీ ముందుగా ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. అలాగని చంకలు గుద్దుకోకు. వయసు ఎక్కువని కాదనరు గానీ, రిపోర్టులు చూసి కాదనే హక్కు కంపెనీకి ఇప్పటికీ ఉంది.

కంపెనీ కవర్ మంచిదే. పాత జబ్బులకు సాధారణంగా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కానీ ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది, ఈ ఊళ్లో లేఆఫ్‌ల సంగతి నీకు కొత్తగా చెప్పాలా! అందుకే అది ఉండగానే అమ్మకు సొంత పాలసీ మొదలుపెట్టు. ఈలోగా అవసరం పడితే కంపెనీది వాడతావు, అక్కడ వెయిటింగ్ దాని పాటికి అది గడిచిపోతుంది.

ప్రీమియం కంటే ముందు రూమ్ రెంట్ చూడు. 5 లక్షల పాలసీలో రోజుకు 1 శాతం పరిమితి అంటే 5,000. నువ్వు 10,000 గది తీసుకుంటే తేడా 5,000 కడితే సరిపోతుందనుకుంటాం. కాదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు, నర్సింగ్ అన్నీ అదే లెక్కన సగానికి కోస్తారు. మా పక్క ఫ్లాట్ పెద్దాయన మోకాలి ఆపరేషన్ బిల్లులో జరిగిందిదే, డిశ్చార్జి రోజు కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి అప్పటికప్పుడు ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేశాడు. మందులు, ఇంప్లాంట్ల మీద మాత్రం ఈ కోత ఉండకూడదు, బిల్లులో అది సరిచూసుకోవాలి.

నాన్నకి కూడా తీసుకో, ప్రీమియం బరువైనా సరే.

కేఆర్ పురం అక్క:
అన్నయ్యా, ఆఖరి మాట నేను ఒప్పుకోను. 71 ఏళ్లు, షుగర్, బీపీ. ఇస్తే గిస్తే చాలా పాలసీల్లో 20 శాతం కో-పే (బిల్లులో అంత వాటా మనమే కట్టడం) పెడతారు, పాత జబ్బులకు మూడేళ్లు ఆగమంటారు. ఆయనకి ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించు బాబూ, పెద్దవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉచిత వైద్యం కార్డు అది. 2024 అక్టోబరులో మొదలైంది. 70 నిండితే చాలు, ఆదాయం అడగరు, వెయిటింగ్ లేదు, ఏడాదికి 5 లక్షలు. వేరే ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు. ఆధార్‌తో ఆయుష్మాన్ యాప్‌లోనే అయిపోతుంది. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుంటే ముందు అది దిద్దించు.

కాకపోతే జాబితాలో ఉన్న ఆసుపత్రులే, అదీ జనరల్ వార్డే, ఓపీకి పనికిరాదు. మీ ఇంటికి దగ్గర్లో ఏది తీసుకుంటుందో 14555కి ఫోన్ చేసి అడుగు, ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ డెస్క్‌లో కూడా కనుక్కో. ప్రైవేటు పాలసీకి పెట్టే డబ్బు నాన్న పేరు మీద ఎఫ్‌డీ వేసుకో.

ఒంగోలు అబ్బాయి:
థాంక్యూ అక్కా. అమ్మకి ఆ కార్డు రాదా?

కేఆర్ పురం అక్క:
70 నిండేదాకా రాదు నాన్నా. ఆ ఆరేళ్ల కోసమే అన్నయ్య సొంత పాలసీ తీసుకోమన్నది.

మారతహళ్లి పాతకాపు:
సరే, నాన్న విషయంలో అక్క మాటే వినుకో. అమ్మ ప్రపోజల్ ఫారం మాత్రం ఏజెంటుకి ఓటీపీ చెప్పి వదిలేయకు, పక్కన కూర్చుని నువ్వే నింపు. పాలసీ చేతికొచ్చాక రూమ్ రెంట్, కో-పే, కంటి శుక్లానికి సబ్ లిమిట్ (ఆ ఒక్క చికిత్సకి ఇంతే ఇస్తామనే పరిమితి) చదువు. నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు.