టెక్సస్‌లో కౌజు పిట్టల వేటకి వెళ్తున్నా, పాము కాటు ఆపే బూట్లు ఎలాంటివి కొనాలి?

అవనిగడ్డ_అబ్బాయి

అందరికీ నమస్కారం. మాది దివిసీమ, అవనిగడ్డ పక్కన పల్లెటూరు. ఇప్పుడు ఉద్యోగం శాన్ ఆంటోనియోలో. మా టీమ్ లీడ్ వాళ్లకి కొటుల్లా ఊరి వైపు వేట లీజు, అంటే వేట కోసం అద్దెకి తీసుకున్న భూమి, ఉంది. కౌజు పిట్టల వేటకి రమ్మని రెండేళ్లుగా పిలుస్తున్నాడు, ఈ డిసెంబర్‌కి సరేనన్నాను. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయిపోయింది, రేంజ్‌లో కాల్చడం నేర్చుకున్నాను. నా టెన్షనంతా కాళ్ల దగ్గర ఏముంటుందోనని.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా నాన్న రాత్రి పది గంటలప్పుడు చేనుకి నీళ్లు పెట్టడానికి వెళ్లారు. చెప్పులు గట్టు మీద విడిచి బోదెలోకి దిగబోతుంటే చీలమండ దగ్గర కాటు పడింది. రక్తపింజరి. ముందు పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు, అక్కడే గంటన్నర పోయింది. ఆసుపత్రికి చేరాక డాక్టరు గారు నాన్న రక్తం కొంచెం గాజు గొట్టంలోకి తీసి, కదపకుండా కిటికీ దగ్గర నిలబెట్టారు. ఇరవై నిమిషాలు ఆగి వంచి చూశారు. ఈపాటికి గడ్డ కట్టాల్సిన రక్తం నీళ్లలా జారింది. ఆ గొట్టం నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోలేదు. విషానికి విరుగుడు పది వయల్స్ (చిన్న మందు సీసాలు) ఎక్కించారు, కిడ్నీలు దెబ్బతిని నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. నాన్న బతికారు. ఎక్కువసేపు నిలబడితే ఆ కాలు ఇప్పటికీ వాస్తుంది.

అందుకే అడుగుతున్నాను. మోకాలి కింద దాకా వచ్చే 18 అంగుళాల స్నేక్ బూట్లు కొనాలా, లేక నా దగ్గరున్న తోలు బూట్ల మీద గెయిటర్లు (పిక్కకి చుట్టి కట్టుకునే తొడుగులు) కట్టుకుంటే సరిపోతుందా? అవి నిజంగా కోరల్ని ఆపుతాయా? డిసెంబర్ చలిలో పాములు బయట తిరుగుతాయా? వాడిన వాళ్లు చెప్పండి.

సర్కారు_తుమ్మ

తమ్ముడూ, నేను 2011 నుంచి దక్షిణ టెక్సస్‌లో వేటకి వెళ్తున్నా. నీ భయం న్యాయమైనదే. ఆ నేల మన ఊళ్లలో చెరువు వెనకాల పోరంబోకులా ఉంటుంది. మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి దాయాదే. మధ్యమధ్యలో నాగజెముడు పొదలు, ఆ పొదల మొదట్లో ఎలుకల గూళ్లు. ఎలుకలున్న చోటికి పాము రాకుండా ఉండదు. అక్కడ ఎక్కువగా కనిపించే విషప్పాము వెస్టర్న్ డైమండ్‌బ్యాక్ అనే గిలక పాము. డిసెంబర్‌లో తెల్లవారుజామున చలికి బొరియల్లోనే ఉంటాయి కానీ, మధ్యాహ్నం ఎండ కాస్త వెచ్చగా కాస్తే బయటికొచ్చి పడుకుంటాయి. అన్నీ గిలక ఊపి హెచ్చరిస్తాయని మాత్రం నమ్మకు. నన్ను కొట్టింది చప్పుడే చెయ్యలేదు.

అది జనవరిలో, మధ్యాహ్నం మూడింటికి. కుక్క పిట్టని పసిగట్టి బిగుసుకుని నిలబడింది. నేను దాని వైపే చూస్తూ గడ్డి దుబ్బు పక్కన అడుగేశా. ఎడమ పిక్క మీద ఎవరో పిడికిలితో పొడిచినట్టయింది. వెనక్కి గెంతి చూస్తే పాము పొదలోకి జారుకుంటోంది. బూటు మీద, చీలమండకి జానెడు పైన, అంగుళం ఎడంలో రెండు తడి చుక్కలు, వాటి నుంచి లేత పసుపు చార కిందికి కారుతోంది. బూటు విప్పి, మేజోడు తీసి, చర్మం మీద వేలితో తడిమి తడిమి చూసుకున్నా. గీత కూడా పడలేదు. అక్కడే కూలబడి కాసేపు లేవలేకపోయా.

కాబట్టి ఆపుతాయి. మంచి స్నేక్ బూట్లలో 1000 డెనియర్ (పోగు మందం కొలత) నైలాన్ లాంటి దట్టమైన నేత పొరలు ఉంటాయి. కోర సూదిలా దిగాలంటే పోగుల మధ్య సందు కావాలి, ఆ సందు దొరకదు. గెయిటర్లలో రెండు రకాలు. ఒకదాంట్లో గట్టి ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, నడుస్తుంటే పిక్కకి రాసుకుంటాయి. రెండోది టర్టిల్‌స్కిన్ అనే కంపెనీవి లాంటివి, మెత్తటి నేత, తేలిక.

కౌజుల వేట అంటే రోజంతా కుక్కల వెనక నడకే. నా మాట అడిగితే నీకు గెయిటర్లే మేలు. ఒకచోట కూర్చుని జింక కోసం కాపు కాసే వాళ్లకైతే బూట్లు చెప్పేవాణ్ణి. కానీ కింద వేసుకునేవి పాదమంతా కప్పే తోలు బూట్లే అయి ఉండాలి. జాలీ గుడ్డ ఉన్న రన్నింగ్ షూస్ మీద గెయిటర్లు కట్టి వచ్చే వాళ్లని చాలామందిని చూశా. కాలి వేళ్ల పైభాగం అంతా బోసిగా వదిలేసినట్టే కదా. గెయిటర్ అంచు తోలు మీదకి బాగా దిగాలి. కూర్చున్నప్పుడు, మెట్టు ఎక్కినప్పుడు మధ్యలో చర్మం కనబడకూడదు.

లోపల వదులుగా ఉండే జీన్స్ వేసుకో. కాలిఫోర్నియాలోని గిలక పాములతో చేసిన ప్రయోగం ఒకటి 2009లో అచ్చయింది. మనిషి అవయవంలా చేసిన నమూనాకి జీన్స్ గుడ్డ తొడిగితే, గుడ్డ లేనప్పటికంటే దాదాపు మూడింట రెండు వంతుల విషం తక్కువ దిగిందట. అది కవచం కాదు, గెయిటర్ దాటిన చోట కొంత ఆసరా.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త చేతులు. పిట్ట పొదలో పడగానే ఆత్రంగా వంగి చెయ్యి పెట్టేస్తాం. మోకాలి దాకా కవచం కట్టుకుని ఏం లాభం? కుక్కని తెమ్మను, లేదా కర్రతో కదిపి చూసి అప్పుడు తియ్యి. దుంగ అడ్డొస్తే ఒక్క అంగలో దాటకు, దాని మీద కాలు పెట్టి అవతల చూసి దిగు. చచ్చిన పాము తల కూడా ముట్టుకోకు, తెగిన తల కూడా కరుస్తుంది.

ఇంకోటి. కౌజులకి వేట లైసెన్స్‌తో పాటు అప్‌ల్యాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ అనే అనుమతి విడిగా తీసుకోవాలి, 7 డాలర్లు. నువ్వు హెచ్‌1బి మీద ఉంటే వేట లైసెన్స్ లేకుండా అరువు తుపాకీ కూడా ముట్టుకోకు. ఫెడరల్ చట్టం ఆ విషయంలో గట్టిగా ఉంటుంది.

నైట్‌డ్యూటీ

నేను టెక్సస్‌లోనే ఎమర్జెన్సీ విభాగంలో నర్సుని. బూట్ల గురించి అన్నయ్య చెప్పింది బాగుంది. నేను కాటు పడితే ఏం చెయ్యాలో చెప్తాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చేవాళ్లు దారిలో చేసుకుని వచ్చే పనులు చూస్తే బాధేస్తుంది. తాడు బిగించి కడతారు, కత్తితో గాటు పెడతారు, ఐస్ పెడతారు. ఇవేవీ వద్దు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ కూడా వద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

పాముకి దూరంగా జరిగి 911కి ఫోన్ చెయ్యండి. వాపు రాకముందే ఉంగరం, వాచీ, బూటు తీసెయ్యండి. కాలు కదలకుండా ఉంచండి. పెన్నుతో వాపు అంచు మీద గీత గీసి పక్కన టైమ్ రాయండి, పావుగంటకోసారి మళ్లీ గీయండి. ఆ గీతలు చూస్తే విషం ఎంత వేగంగా పాకుతోందో డాక్టర్లకి వెంటనే అర్థమవుతుంది. పామును చంపి తేనక్కర్లేదు. ఇక్కడి గిలక పాములకి క్రోఫాబ్, అనావిప్ అని రెండు విరుగుడు మందులున్నాయి, ఏ గిలక పాము కరిచినా వాటిలో ఒకటి వాడతాం. క్రోఫాబ్ మొదటి డోసే 4 నుంచి 6 వయల్స్, ఒక్కో వయల్ వేల డాలర్లు. ఇన్సూరెన్స్ కార్డు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

లీజులో సిగ్నల్ ఎక్కడ వస్తుందో, గేటు కోడ్ ఏంటో, ఆ గేటు ఏ రోడ్డు మీద ఉందో వెళ్లే ముందే రాసుకోండి. అంబులెన్స్ వచ్చి తాళం వేసిన గేటు బయట నిలబడిపోవడం నేను విన్నాను. విషం ఎక్కని ఉత్తుత్తి కాట్లు కూడా ఉంటాయి, కానీ అది తేల్చేది ఆసుపత్రిలో. మీరు కాదు.

డెల్టా_గట్టు

బాబూ, మాది చల్లపల్లి దగ్గర. నేను టెక్సస్ చూడలేదు, వేట తెలియదు. ఇక్కడ వేట నేరం కూడా. నీ ప్రశ్న చదివాక ఒక్కటి అడగాలనిపించింది. అమెరికాలో నీ కాళ్లకి ఇంత ఆలోచిస్తున్నావు, మంచిదే. నాన్నగారు ఇప్పుడు చేలోకి ఏం వేసుకుని వెళ్తున్నారు?

అవనిగడ్డ_అబ్బాయి

బాబాయ్, ఈ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను. చెప్పులేనట. అవి కూడా గట్టు మీద విడిచేస్తారట. ఇన్నేళ్లలో నాకు ఆ మాట అడగాలనే తోచలేదు. బురదలో బూట్లు ఎలా వేసుకుంటార్రా అంటున్నారు. అది నిజమేనా? ఏం కొనమంటారు?

డెల్టా_గట్టు

సగం నిజం. దమ్ము చేసిన మడిలో గమ్ బూట్లు పనికిరావు. బురద పట్టి లాగితే పాదం బయటికొస్తుంది, బూటు లోపలే ఉండిపోతుంది. నాట్లప్పుడు ఎవరూ వేసుకోలేరు. కానీ నాన్నగారికి కాటు పడింది మడిలో కాదు, గట్టు మీద, రాత్రి పూట. నీళ్లు మళ్లించడానికి వెళ్లేటప్పుడు, గట్టు మీద గడ్డి కోసేటప్పుడు, కోతలప్పుడు బూట్లు బ్రహ్మాండంగా పనికొస్తాయి.

2018 వానాకాలంలో మన దివిసీమలో పాముకాట్లు ఎక్కువైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడిలో సర్ప శాంతి యాగం చేశారు, గుర్తుందా? నేనూ వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చా. ఆ వారమే బూట్లు కొన్నా.

మోకాలి కిందికి వచ్చేవి కొను. పల్చటి రబ్బరువి వద్దు, రక్తపింజరి కోరలు పొడుగు. మందంగా ఉండి, పిక్కకీ రబ్బరుకీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీయే కాపాడుతుంది. కాలు వాస్తుందన్నావు కాబట్టి ఒక నంబరు పెద్దది తీసుకో. లోపల నూలు మేజోళ్లు లేకపోతే చెమటకి పాదం పాసిపోతుంది, రెండు రోజులకే మూల పడేస్తారు. ఇంటికొచ్చాక గుంజకి బోర్లించి పెట్టాలి, తొడిగే ముందు నేలకేసి కొట్టి దులపాలి. నా బూటులోంచి ఓసారి తేలు రాలింది.

చేతిలో టార్చి, కర్ర తప్పనిసరి. కర్రతో గట్టు మీద తట్టుకుంటూ వెళ్తే ఆ అదురుకి పాము పక్కకి తొలుగుతుంది. వరి పనలు ఎత్తేటప్పుడు ముందు కర్రతో కదిపి చూడమను, ఎలుకల కోసం వాటి కిందికి దూరుతుంది. ఇంట్లో కింద పడుకునే అలవాటుంటే దోమతెర కట్టి అంచులు చాప కిందకి దోపమను, కట్లపాము నిద్రలో కరుస్తుంది. ఏం జరిగినా 108కి ఫోన్ చెయ్యాలి, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. ఆ గంటన్నర మళ్లీ పోకూడదు.

అవనిగడ్డ_అబ్బాయి

బాబాయ్, రెండు జతలు కొనిపించాను, నాన్నకి తొమ్మిదో నంబరు, అమ్మకి ఆరు. మేజోళ్లు అరడజను. మొదటి రోజు కాలికి తడి తెలియడం లేదని విసుక్కున్నారట. నిన్న అమ్మ ఫొటో పంపింది. పశువుల పాక ముందు రెండు గుంజలకి రెండు బూట్లు బోర్లించి ఉన్నాయి, అడుగున బురద ఇంకా ఆరలేదు.

సర్కారు తుమ్మ అన్నా, మెత్తటి నేతవే తెప్పించాను. తోలు బూట్ల మీదకి నాలుగు వేళ్లు దిగుతున్నాయి. కానీ ఓ గంట నడిచాక ఎడమది పిక్క మీద నుంచి కిందికి జారుతోంది. సైజు మార్చాలా?

సర్కారు_తుమ్మ

ముందు జీన్స్ మీద కట్టి చూడు, ఉత్త కాలి మీద కట్టి ఉంటావు. అప్పటికీ జారితే ఒక సైజు తగ్గించు. మార్చుకున్నాక బరువు సంచి భుజాన వేసుకుని మెట్లు ఎక్కి దిగి చూడు, పొలంలో కాదు, ఇంటి దగ్గరే.