తక్కువ మోతాదు నాల్‌ట్రెక్సోన్: 3 మి.గ్రా. దగ్గర నిద్ర చెడింది, ఓర్చుకుని 4.5కి పెంచాలా?

ప్రశ్న:
తొమ్మిదేళ్లుగా ఫైబ్రోమయాల్జియాతో (ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే దీర్ఘకాలిక జబ్బు) బాధపడుతున్న నాకు మా డాక్టరు గారు తక్కువ మోతాదులో నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టారు. రోజూ రాత్రి 1.5 మి.గ్రా. వేసుకున్న నాలుగు వారాల్లో భుజాల నొప్పి తగ్గి, చాలా కాలానికి చేతులు మధ్యలో దించకుండా జడ వేసుకోగలిగాను. 3కి పెంచినప్పటి నుంచి రాత్రి రెండింటికే మెలకువ వస్తోంది, పట్టిన కాస్త నిద్రలోనూ నిజమేమో అనిపించే కలలు. 4.5 చేరితేనే పూర్తి గుణం కనిపిస్తుందని కొందరు అంటున్నారు. ఓర్చుకుని పెంచమంటారా?

మొదటి జవాబు:
నాకు గుణం కనిపించింది 4.5 దగ్గరే. మందును రాత్రి నుంచి ఉదయానికి మార్చుకున్నాక రెండు వారాల్లో నిద్ర కుదుటపడింది. తొందరపడి వెనక్కి తగ్గవద్దని నా మనవి.

రెండవ జవాబు:
ఉదయానికి మార్చుకోవడం మంచి సలహాయే కానీ, పెంచితేనే ఫలితం అన్న మాటతో నేను ఏకీభవించలేను. ఈ మందుకు 1984లో అమెరికాలో అనుమతి లభించింది ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందులు) వ్యసనానికి, అదీ 50 మి.గ్రా. మోతాదులో, మన నొప్పులకు వాడడం ఆమోదిత ఉపయోగం కాదు కాబట్టి, అందరికీ వర్తించే మోతాదంటూ ఏదీ స్థిరపడలేదు. తక్కువ మోతాదు ఓపియాయిడ్ గ్రాహకాలను (ఆ మందులు శరీరంలో అంటుకుని పనిచేసే చోట్లను) కొన్ని గంటలే అడ్డుకుంటుందని, ఆ అడ్డు తొలగాక శరీరం తన సొంత నొప్పి నివారకాలైన ఎండార్ఫిన్లను ఎక్కువగా తయారుచేసుకుంటుందని ఒక ఊహ ఉంది. అదే నిజమైతే, మామూలు నొప్పి మాత్రల్లా ఎంత పెంచితే అంత ఉపశమనం అనుకోవడానికి వీల్లేదు. 2013లో 31 మంది స్త్రీలతో 4.5 మి.గ్రా. మీద వచ్చిన అధ్యయనంలో నొప్పి సుమారు 29 శాతం తగ్గగా, మందు లేని ఉత్తుత్తి మాత్రతో 18 శాతం తగ్గింది. 2024లో డెన్మార్క్‌లో 99 మంది స్త్రీలకు 6 మి.గ్రా. వరకు ఇచ్చి 12 వారాలు చూసినప్పుడు, నొప్పి విషయంలో ఉత్తుత్తి మాత్రకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మందు పనికిరాదని తేల్చడానికి ఇది చాలదు, పెంచుకుంటూ పోవడానికి ఆధారం అంతకన్నా కాదు. మీకు జడ వేసుకునే శక్తినిచ్చింది 1.5 అని మీరే రాశారు. నిద్ర చెడితే ఈ జబ్బులో నొప్పి పెరుగుతుందని మనందరికీ అనుభవమే కదా.

మూడవ జవాబు:
మోతాదు కన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఎవరూ అడగలేదు. మీరు ట్రమడాల్ అనే నొప్పి మాత్ర గానీ, కోడీన్ ఉన్న దగ్గు మందు గానీ వాడుతున్నారా? ఇవి రెండూ ఓపియాయిడ్లే, నాల్‌ట్రెక్సోన్ అడ్డుకునేది వాటినే. ట్రమడాల్ అలవాటైన శరీరంలోకి నాల్‌ట్రెక్సోన్ వెళ్తే వాంతులు, చెమటలు, కండరాల పీకులు ఒక్కసారిగా మొదలవుతాయి. పన్ను తీయించుకున్నాక నాకు రాసిచ్చిన చీటీలో ట్రమడాల్ ఉంది. నేను వాడే మందుల సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మందుల దుకాణంలో చూసి చెప్పబట్టి బయటపడ్డాను. శస్త్రచికిత్స ఏదైనా ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే తెలియజేయాలి, కాలేయ జబ్బు ఉన్నవారు ఆ మాట మొదటే చెప్పాలి. మరొక సంగతి: 50 మి.గ్రా. మాత్రను బ్లేడుతో ముక్కలు చేసుకోకండి. నేను ఒకసారి ప్రయత్నిస్తే సగం పొడిగా రాలిపోయి, ఏ ముక్కలో ఎంత మందు ఉందో తెలియలేదు. కొలిచి తయారుచేసిన గుళికలు గానీ ద్రావణం గానీ ఫార్మసిస్టు దగ్గర తీసుకోవడమే మేలు.

అడిగినవారి జవాబు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ట్రమడాల్ నేను ఎన్నడూ వాడలేదు. ఈ రోజు డాక్టరు గారితో మాట్లాడాను. మళ్లీ 1.5కే తగ్గించి ఉదయం వేసుకోమన్నారు, నాలుగు వారాల తరవాత అవసరమనిపిస్తే 2 మాత్రమే చూద్దామన్నారు. నిద్రపోయిన గంటలు, నొప్పికి పదికి ఎన్ని మార్కులు అన్నవి రోజూ రాసుకుంటున్నాను. నెల గడిచాక ఆ లెక్క ఇక్కడే పెడతాను.